కరెంటా, లైనా, పెట్టెనా: నాలుగు ఊళ్ల నెట్‌వర్క్‌కి లైనక్స్ మీద మానిటరింగ్

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో డయాగ్నస్టిక్ ల్యాబ్ మెయిన్ సెంటర్ ఉంది. నరసన్నపేట, టెక్కలి, పలాసల్లో కలెక్షన్ సెంటర్లు ఉన్నాయి. రౌటర్లు, స్విచ్‌లు, సీసీ కెమెరాల రికార్డర్లు, బిల్లింగ్ కంప్యూటర్లు, ప్రింటర్లు కలిపి అరవై దాకా పరికరాలు. పాత ఐ5 డెస్క్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్ ఉందని ఉబుంటు లైనక్స్ వేసి, నాగియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కాన్ఫిగ్ ఫైళ్ల దగ్గర ఆగిపోయారు. పలాస నుంచి ఫోనొస్తే తప్ప అక్కడ నెట్టు పోయిందని మీకు తెలియట్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి, ఎలా పెట్టాలి?

సాఫ్ట్‌వేర్ పేరు తర్వాత చెబుతాను. అది మీకు ఏం చెప్పాలో ముందు తేల్చుకోండి. "పలాస డౌన్" అని మెసేజ్ వస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి పలాసలో కౌంటర్ మీద కూర్చున్న అమ్మాయికి మీకంటే ముందే తెలుసు. "సార్, నెట్టు పనిసెయ్యట్నేదు" అని ఆమె ఫోన్ చేసిన క్షణాన మీకు తెలియనిది వేరే ఉంది. ఇప్పుడు కరెంటు ఆఫీసుకి ఫోన్ చేయాలా, నెట్ ఇచ్చేవాళ్లకి చేయాలా, లేక మీరే సంచి సర్దుకుని పలాస బస్సెక్కాలా? కరెంటు పోయిందా, లైను తెగిందా, మన పెట్టె చెడిందా? ఈ మూడింట్లో ఏదో చెప్పగలిగితేనే మానిటరింగ్ పెట్టిన శ్రమకి ఫలితం. నేను కింద చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

అందుకే ముందు సర్వర్ ఎక్కడ ఉండాలన్నది చూద్దాం. మీ ఐ5 డెస్క్‌టాప్ ఈ పనికి బాగానే సరిపోతుంది, కానీ అది ఉన్న చోటు సరిపోదు. శ్రీకాకుళంలో లైను పోతే ఆ డెస్క్‌టాప్‌కి మూడు బ్రాంచీలూ పోయినట్టే కనిపిస్తాయి. అది కాదన్నా, ఆ కబురు మీకు పంపడానికి దానికి దారి ఉండదు. పైగా బ్రాంచీల్లోని మామూలు కనెక్షన్లకి పబ్లిక్ ఐపీ (బయట నుంచి నేరుగా చేరగల నెట్ చిరునామా) ఉండటం తక్కువ. చాలా కంపెనీలు ఒకే ఐపీ వెనక వందల మందిని పెడతాయి కాబట్టి బయట నుంచి లోపలికి పోవడం కుదరదు. నా సలహా: అసలు సర్వర్‌ని బయట ఒక చిన్న వీపీఎస్ (అద్దెకి దొరికే ఇంటర్నెట్ సర్వర్) మీద పెట్టండి. 2 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే మీ సైజుకి చాలు. ఖర్చు నెలనెలా ఇంకో నెట్ కనెక్షన్ బిల్లు కట్టినట్టు ఉంటుంది. ముంబయి, బెంగళూరుల్లో డేటా సెంటర్లు ఉన్న వీపీఎస్ కంపెనీలు చాలానే ఉన్నాయి. మీ డెస్క్‌టాప్ శ్రీకాకుళంలో ప్రాక్సీగా, అంటే అక్కడి పరికరాలని కొలిచి లెక్కలు సర్వర్‌కి పంపే సహాయకుడిగా పనిచేస్తుంది. మిగతా మూడు చోట్లా ఒక్కో చిన్న ప్రాక్సీ పెట్టాలి. పేషెంట్ల వివరాలేవీ వీపీఎస్‌కి వెళ్లవు. ఏ పరికరం పలికింది, ఏది పలకలేదు, ఏ పోర్టులో ఎంత ట్రాఫిక్ పోయింది అన్న లెక్కలే వెళ్తాయి. మీ మేనేజ్‌మెంట్ వాళ్లు అడిగితే ఆ మాట చెప్పండి.

ఇలా ప్రాక్సీలతో పనిచేసే సాఫ్ట్‌వేర్ జాబిక్స్, నేను చెప్పేది అదే. నాగియోస్ చెడ్డదేమీ కాదు. 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలై, ఈ రంగంలో చాలామందికి పని నేర్పింది. కానీ ప్రతి పరికరాన్నీ టెక్స్ట్ ఫైల్లో చేత్తో రాసుకునే ఓపిక ఒక్క మనిషి నడిపే చోట ఉండదు. ప్రోమిథియస్, గ్రఫానా జంట సర్వర్లకీ కంటెయినర్లకీ అద్భుతంగా ఉంటుంది. మీ దగ్గర ఉన్నవి ఎక్కువగా స్విచ్‌లూ కెమెరాలూ. లిబ్రెఎన్‌ఎంఎస్ స్విచ్‌లని తనంతట తానే కనిపెట్టి గ్రాఫులు గీసిపెడుతుంది. అంతా ఒకే బిల్డింగులో ఉన్న కాలేజీ అయితే నేను దాన్నే చెప్పేవాణ్ణి. పది పరికరాలు బతికున్నాయో లేదో తెలిస్తే చాలనుకునేవాళ్లకి అప్‌టైమ్ కూమా చాలు, గంటలో అయిపోతుంది. మీకు జాబిక్స్ ఎందుకంటే, దాని ప్రాక్సీ లైను లేనప్పుడు కూడా తన పని ఆపదు. బ్రాంచిలో కొలిచినవి దాచుకుని, లైను రాగానే సర్వర్‌కి అప్పజెబుతుంది. దీని విలువ కింద తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం: కరెంటు పోయిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ అయితే నట్ అనే ప్యాకేజీ దానితో మాట్లాడి బ్యాటరీ మీద ఉందో లైన్ మీద ఉందో చెబుతుంది. కానీ బ్రాంచీల్లో ఎక్కువగా ఉండేవి మామూలు 600 వీఏ యూపీఎస్‌లు, ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టర్లు. వాటికి నోరు లేదు. అక్కడ ఒక చవక ఉపాయం ఉంది. మూలన పడేసిన పాత వైఫై రౌటర్ ఒకటి తీసుకోండి. దాన్ని యూపీఎస్‌కీ ఇన్వర్టర్‌కీ సంబంధం లేని ప్లగ్గులో పెట్టండి. ఇన్వర్టర్ వైరింగ్ ఎక్కడెక్కడ తిరిగిందో తెలియకపోతే ఏసీ పాయింటు చూడండి, సాధారణంగా అది ఇన్వర్టర్ మీద ఉండదు. ఆ రౌటర్‌లో వైఫై ఆపేయండి, డీహెచ్‌సీపీ తప్పకుండా ఆపేయండి. లేకపోతే అది కూడా ఐపీలు పంచడం మొదలుపెట్టి కొత్త తలనొప్పి తెస్తుంది. ఒక స్థిరమైన ఐపీ ఇచ్చి, ల్యాన్ పోర్టు నుంచి స్విచ్‌కి కేబుల్ వేయండి. దాని పని ఒక్కటే, పింగ్‌కి (ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పంపే చిన్న పలకరింపుకి) బదులు పలకడం. జాబిక్స్‌లో దానికి "టెక్కలి కరెంటు సాక్షి" అని పేరు పెట్టండి.

ప్రాక్సీ, రౌటర్, ఫైబర్ ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి కలిసే పెట్టె), వీటి మధ్యలో ఉన్న స్విచ్ మాత్రం యూపీఎస్ మీద ఉండాలి. ఓఎన్‌టీని గోడ మీది మామూలు ప్లగ్గుకి వదిలేసి మిగతావి యూపీఎస్‌కి పెట్టిన చోట్లు చాలా చూశాను. కరెంటు పోగానే అక్కడ లైను పోయినట్టే కనిపిస్తుంది. ఓఎన్‌టీకి 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి, ఒకటి తగిలించండి.

ఇలా అమర్చాక లెక్క తేలిగ్గా తేలుతుంది. సాక్షి పలకలేదు, రౌటర్ పలుకుతోంది: కరెంటు పోయింది, బ్యాటరీ మీద నడుస్తోంది. సాక్షి పోయిన కొంతసేపటికి ప్రాక్సీ కూడా సర్వర్‌కి కనబడకుండా పోయింది: బ్యాటరీ అయిపోయింది. సాక్షి నుంచి ఏ హెచ్చరికా లేకుండా ప్రాక్సీ ఉన్నట్టుండి మాయమైంది: లైను పోయింది, లేదా రౌటర్ చచ్చింది. ప్రాక్సీ బాగానే మాట్లాడుతోంది కానీ ఒక్క పరికరం పలకట్లేదు: ఆ పెట్టెదే తప్పు. సాక్షి మీద పెట్టే ట్రిగ్గర్‌కి (అలారం మోగించే షరతుకి) వరుసగా మూడు పింగ్‌లు తప్పితేనే మోగమని చెప్పండి. సాయంత్రాల్లో వోల్టేజి ఒక్క క్షణం పడి లేస్తే ఆ పాత రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, దానికల్లా మీకు కబురు అక్కర్లేదు.

లైనా రౌటరా అన్న సందేహం కూడా ప్రాక్సీయే తీరుస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ప్రతి ప్రాక్సీ చేత మూడు చోట్లకి పింగ్ చేయించండి: మీ రౌటర్ లోపలి ఐపీకి, నెట్ కంపెనీ గేట్‌వేకి (మీ లైను వాళ్ల వైపు మొదట చేరే పరికరానికి), బయట 8.8.8.8 లాంటి ఒక చిరునామాకి. లైను వచ్చాక ప్రాక్సీ దాచుకున్న లెక్కలు సర్వర్‌కి చేరతాయి. రౌటర్ పలికింది, గేట్‌వే పలకలేదు అంటే బయటి తీగ సంగతి. గేట్‌వే కూడా పలికింది, 8.8.8.8 పలకలేదు అంటే వాళ్ల పైలైను సంగతి. "మొన్న మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా మీ గేట్‌వే పలకలేదు, మా కరెంటు ఉంది, మా రౌటర్ ఉంది" అని గ్రాఫ్ పంపిస్తే కస్టమర్ కేర్ వాళ్లు "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనడం ఆపేస్తారు. కొన్ని గేట్‌వేలు పింగ్‌కి అసలు జవాబివ్వవు. ముందు చేత్తో ఒకసారి చూసి, పలకకపోతే ట్రేస్‌రూట్‌లో (దారిలోని పరికరాలని వరసగా చూపే కమాండ్‌లో) దాని తర్వాతి మెట్టుని పెట్టుకోండి.

ఫైబర్ గురించి ఇంకో మాట. మన వైపు తీగ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. గాలికి ఊగుతుంది, చెట్టుకొమ్మకి ఒరుసుకుంటుంది, జాయింట్ బాక్సులోకి నీళ్లు వెళ్తాయి. ఓఎన్‌టీ మీద లాస్ లైటు ఎర్రగా వెలిగేది చివర్లో. దానికి ముందే కాంతి బలం తగ్గుతూ వస్తుంది. మామూలు జీపాన్ ఓఎన్‌టీలు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (కాంతి బలానికి కొలత) మధ్య పనిచేస్తాయి. మైనస్ 20 దగ్గర ఉన్నది మైనస్ 25కి జారిందంటే వానాకాలంలో చిక్కే. కనెక్షన్ మీ రౌటర్ ఎస్‌ఎఫ్‌పీలోకే (ఫైబర్ గుచ్చే సాకెట్‌లోకే) నేరుగా వస్తే ఈ విలువని ఎస్‌ఎన్‌ఎంపీతో (పరికరాన్ని లెక్కలు అడిగి తెచ్చుకునే పద్ధతితో) తీసుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీలు చాలావరకు వెబ్ పేజీలో చూపిస్తాయే తప్ప బయటకి ఇవ్వవు. దాని లాగిన్ పేజీని స్క్రిప్టుతో ఛేదించే ప్రయత్నం వద్దు, ఫర్మ్‌వేర్ మారిన ప్రతిసారీ విరుగుతుంది. నెలకోసారి బ్రాంచికి వెళ్లినప్పుడు చూసి పుస్తకంలో రాసుకోండి, చాలు.

ఇక ఇన్‌స్టాలేషన్. ఇది అందరూ భయపడేంత పనేం కాదు. జాబిక్స్ 7.0 ఎల్‌టీఎస్ తీసుకోండి. 2024 జూన్‌లో వచ్చింది, అయిదేళ్ల సపోర్ట్ ఉంది. వీపీఎస్ మీద డెబియన్ 12 గానీ ఉబుంటు 24.04 గానీ పెట్టండి. డెబియన్ 12 సొంత రిపోలో (ప్యాకేజీల నిల్వలో) ఉన్నది 6.0 కాబట్టి నేరుగా ఆప్ట్ ఇన్‌స్టాల్ కొట్టకండి. జాబిక్స్ సైట్‌లో మీ డిస్ట్రో, డేటాబేస్, వెబ్ సర్వర్ ఎంచుకుంటే వాళ్ల రిపో ప్యాకేజీతో సహా కమాండ్లు వరసగా ఇస్తుంది. డేటాబేస్‌గా మారియాడీబీ, వెబ్ సర్వర్‌గా అపాచీ ఎంచుకోండి. డేటాబేస్ సృష్టించేటప్పుడు అక్కడ ఇచ్చిన యూటీఎఫ్8ఎంబీ4 క్యారెక్టర్ సెట్, దాని బైనరీ కొలేషన్ అక్షరం పొల్లుపోకుండా ఉంచండి. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) ఎక్కించే కమాండ్ ఇచ్చాక కొన్ని నిమిషాలు తెర మీద ఏమీ కదలదు. ఆగిపోయిందనుకుని కంట్రోల్ సీ నొక్కకండి. మధ్యలో ఆపితే సగం టేబుళ్లతో మిగిలిపోతుంది, డేటాబేస్ తీసేసి మొదటి నుంచి చేయాలి.

ఆ తర్వాత సర్వర్ కాన్ఫిగ్ ఫైల్లో డీబీ పాస్‌వర్డ్ లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసి పాస్‌వర్డ్ రాయాలి. వెబ్ పేజీ తెరవగానే "సర్వర్ నడవట్లేదు" అని ఎర్రగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఆ లైనునే. అది కాకపోతే సర్వర్ లాగ్ ఫైల్ చివరి యాభై లైన్లు టెయిల్‌తో చూడండి. కారణం అక్కడ దాదాపు తిన్నగా రాసే ఉంటుంది. సర్వీసులకి సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ ఇవ్వడం మరవకండి. స్టార్ట్ మాత్రమే ఇస్తే ఇవాళ నడుస్తుంది, రీబూట్ అయ్యాక లేవదు. మొదటి లాగిన్ అడ్మిన్, పాస్‌వర్డ్ జాబిక్స్. ప్రపంచం మొత్తానికీ ఇది తెలుసు, లోపలికి వెళ్లగానే మార్చేయండి.

వెబ్ పేజీని ఇంటర్నెట్ అంతటికీ తెరిచి పెట్టకండి. వీపీఎస్ మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టి, మీ ఫోను, ల్యాప్‌టాప్ దాని ద్వారా మాత్రమే లోపలికి వచ్చేలా ఫైర్‌వాల్ కట్టండి. బయటకి కనిపించాల్సినవి వైర్‌గార్డ్ పోర్టు, ప్రాక్సీలు వచ్చి కలిసే 10051 మాత్రమే. ప్రాక్సీలని యాక్టివ్ మోడ్‌లో పెట్టండి, అంటే అవే బయటకి వచ్చి సర్వర్‌ని పలకరిస్తాయి కాబట్టి బ్రాంచిలో పబ్లిక్ ఐపీ అక్కర్లేదు. ప్రాక్సీకీ సర్వర్‌కీ మధ్య పీఎస్‌కే ఎన్‌క్రిప్షన్ (రెండు వైపులా ఒకే రహస్య కీ) పెట్టడం అయిదు నిమిషాల పని. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో 32 బైట్ల రాండమ్ కీ తీసి ఫైల్లో రాసి, అదే కీని వెబ్ పేజీలో ఆ ప్రాక్సీ ఎదుట అతికించాలి. ఒక్కో బ్రాంచికి ఒక్కో కీ ఉండాలి.

బ్రాంచి ప్రాక్సీలకి చాలామంది రాస్ప్‌బెర్రీ పై అంటారు. నేను వద్దంటాను. ఎస్‌డీ కార్డు మీద రోజంతా డేటాబేస్ రాస్తుంటే అది ఎక్కువ కాలం నిలవదు. అంతకంటే పెద్ద చిక్కు గడియారం. పై 4 వరకు వచ్చిన బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారమే లేదు. పై 5లో ఉన్నా బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. కరెంటు వచ్చి, నెట్ ఇంకా రాని సమయంలో అది తప్పుడు టైముతో లేస్తుంది, ఆ టైముతోనే లెక్కలు రాసి దాచుకుంటుంది. మనకి కావాల్సింది సరిగ్గా ఆ గంటల లెక్కలే. సెకండ్ హ్యాండ్ థిన్ క్లయింట్ గానీ మినీ పీసీ గానీ కొనండి. వాటిలో గడియారానికి బిళ్ల బ్యాటరీ ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. బిళ్ల బ్యాటరీ పాతదైతే ముందే కొత్తది మార్చండి. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఇది చేయకపోతే పలాసలో ఎవరో బటన్ నొక్కేదాకా మీ మానిటరింగ్ నిద్రపోతుంది. నెట్ నుంచి గడియారం సరిచేసే క్రోనీ వేసి టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా పెట్టండి, నాలుగు చోట్లా ఒకటే.

ప్రాక్సీ కాన్ఫిగ్‌లో ఆఫ్‌లైన్ బఫర్ అని ఒకటి ఉంటుంది. లైను లేనప్పుడు ఎన్ని గంటల లెక్కలు దాచుకోవాలో చెప్పేది అదే. మామూలుగా అది ఒక్క గంట. దాన్ని 72 చేయండి. డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ చాలు. ప్రాక్సీ, సర్వర్ ఒకే వెర్షన్‌లో ఉంచండి. అప్‌గ్రేడ్ చేసిన రోజున అన్నీ కలిపే చేయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్రాంచి లైను పోతే అక్కడి పరికరాల గురించి సర్వర్‌కి కొత్త సమాచారం రాదు. కొత్త సమాచారం రాకపోతే పాత స్థితే నిలబడుతుంది. పాత స్థితి "అంతా బాగుంది" అయితే డాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది! ఒక విధంగా ఇది మంచిదే, టెక్కలి లైను పోతే పన్నెండు పరికరాలకి పన్నెండు మెసేజ్‌లు రావు. కానీ ప్రాక్సీ చివరిసారి ఎప్పుడు పలకరించిందో చూసే ట్రిగ్గర్ లేకపోతే ఒక్క మెసేజ్ కూడా రాదు. జాబిక్స్ సర్వర్ హెల్త్ టెంప్లేట్‌లో (కొలతలూ ట్రిగ్గర్లూ తయారుగా ఉన్న కట్టలో) ఆ ట్రిగ్గర్ ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో, గడువు ఎంతుందో చూసి, మూడు నాలుగు నిమిషాలకి తగ్గించుకోండి. పెట్టాక బ్రాంచి ఓఎన్‌టీ కేబుల్ పీకి నిజంగా మోగుతుందో లేదో చూడండి. కేబుల్ పీకి చూడకుండా వదిలేసిన మానిటరింగ్‌ని నేను నమ్మను.

బ్రాంచి లోపల మాత్రం డిపెండెన్సీలు పెట్టాలి. స్విచ్ పోతే దాని వెనక ఉన్న కెమెరా రికార్డర్, ప్రింటర్ కూడా పోయినట్టు కనిపిస్తాయి. రికార్డర్ ట్రిగ్గర్ స్విచ్ ట్రిగ్గర్ మీద ఆధారపడిందని చెబితే స్విచ్ మెసేజ్ ఒక్కటే వస్తుంది. కానీ ఇది పనిచేయాలంటే స్విచ్ ట్రిగ్గర్ ముందు మోగాలి. రెండింటికీ నిమిషానికోసారి పింగ్, మూడు తప్పితే అలారం అని ఒకే లెక్క పెడితే ఒక్కోసారి రికార్డర్‌దే ముందు మోగుతుంది. స్విచ్‌లకి అర నిమిషానికోసారి పింగ్ పెట్టి, వెనక ఉన్నవాటికి అయిదు నిమిషాల ఓపిక ఇవ్వండి.

స్విచ్‌లలో ఎస్‌ఎన్‌ఎంపీ ఆన్ చేసేటప్పుడు వెర్షన్ 3 ఉంటే అదే వాడండి, పాస్‌వర్డూ ఎన్‌క్రిప్షనూ దానిలోనే ఉన్నాయి. 2సీ తప్పకపోతే "పబ్లిక్" అన్న డిఫాల్ట్ కమ్యూనిటీ పేరు మార్చి, ప్రాక్సీ ఐపీకి మాత్రమే జవాబివ్వమని కట్టడి చేయండి. వెర్షన్ 1 వాడకండి, దానిలో 64 బిట్ కౌంటర్లు లేవు. 32 బిట్ కౌంటర్ పోర్టులో నిండుగా 100 ఎంబీపీఎస్ పారితే ఆరు నిమిషాల లోపే సున్నాకి తిరిగొస్తుంది, గిగాబిట్‌లో అయితే 34 సెకన్లు చాలు. ఆ తర్వాత గ్రాఫ్ చెప్పేది అబద్ధమే. జాబిక్స్‌లో పరికరం చేర్చే ముందు ప్రాక్సీ మీద నుంచి ఎస్‌ఎన్‌ఎంపీవాక్ కమాండ్ కొట్టి చూడండి. అక్కడ జవాబు రాకపోతే జాబిక్స్‌లో కూడా రాదు. అక్కడ వచ్చి ఇక్కడ రాకపోతే టెంప్లేట్‌నో పాస్‌వర్డ్‌నో సరిచూసుకోవాలి. చవక అన్‌మేనేజ్డ్ స్విచ్‌లకి ఇవేవీ ఉండవు, వాటి వెనక ఉన్నవాటి పింగ్‌ని బట్టి ఊహించుకోవడమే.

టెంప్లేట్ తగిలించగానే 24 పోర్టుల స్విచ్ ఒక్కటే రెండు వందల దాకా ఐటమ్‌లు (ఒక్కోటీ ఒక కొలత) తెచ్చిపెడుతుంది, ప్రతి పోర్టుకీ లింక్ డౌన్ అలారంతో సహా. రాత్రి కౌంటర్లు మూసి కంప్యూటర్లు ఆపేస్తే మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఇఫ్ కంట్రోల్ అన్న మాక్రోని (టెంప్లేట్‌లోని సెట్టింగ్‌ని) సున్నా చేసి, రౌటర్ వైపు వెళ్లే అప్‌లింక్ పోర్టులకి మాత్రమే దాని విలువ ఒకటి ఉంచండి. నిల్వ లెక్క కూడా చూసుకోండి. 1500 ఐటమ్‌లని నిమిషానికోసారి కొలిస్తే సెకనుకి 25 విలువలు. ఒక్కోటి సుమారు 90 బైట్లు అనుకుంటే రోజుకి 190 ఎంబీ పైమాటే, నెలకి ఆరు జీబీ దాకా. వీపీఎస్ డిస్క్ చిన్నదైతే పూర్తి హిస్టరీ రెండు వారాలు, గంటల సగటులు ఉండే ట్రెండ్స్ ఏడాది ఉంచితే మీ పనికి సరిపోతుంది.

బిల్లింగ్ సర్వర్ విండోస్ అయితే జాబిక్స్ ఏజెంట్ 2 వేసి డిస్క్ ఖాళీ చూడండి. దానికంటే ముఖ్యమైనది బ్యాకప్ ఫైల్ వయసు. ఆ ఫైల్ చివరిసారి మారి 26 గంటలు దాటితే అలారం అన్న ఒక్క ట్రిగ్గర్ పెట్టండి. మిగతా గ్రాఫులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. సీపీయూ 80 శాతం దాటిందన్న అలారం మాత్రం ఆపేయండి. దాన్ని చూసి మీరు చేసేదేమీ ఉండదు.

మెసేజ్‌లకి టెలిగ్రామ్ తేలిక. టెలిగ్రామ్‌లోనే ఉండే బాట్‌ఫాదర్ దగ్గర బాట్ సృష్టించి, టోకెన్‌ని జాబిక్స్‌లో ఉన్న టెలిగ్రామ్ మీడియా టైప్‌లో పెట్టండి. గ్రూప్ ఐడీ ముందు మైనస్ గుర్తు ఉంటుంది, అది వదిలేసి మెసేజ్ ఎందుకు రావట్లేదో అర్థంకాక తలపట్టుకునేవాళ్లు చాలామంది. జీమెయిల్ నుంచి ఈమెయిల్ పంపాలంటే యాప్ పాస్‌వర్డ్ కావాలి, మామూలు పాస్‌వర్డ్‌తో 2022 నుంచి కుదరదు. ఎస్సెమ్మెస్ గేట్‌వే తీసుకోవాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్, హెడర్, టెంప్లేట్ ఆమోదం అన్నీ ఉండాలి. మూడు ఫోన్ల కోసం ఆ తతంగం అనవసరం.

మెసేజ్ తెలుగులోనే రాయండి. జాబిక్స్‌కి తెలుగు అక్షరాలతో ఇబ్బందేమీ లేదు. "టెక్కలి: కరెంటు పోయింది, బ్యాటరీ మీద నడుస్తోంది" అని వస్తే ఆ గ్రూప్‌లో ఉన్న బ్రాంచి ఇన్‌చార్జి కూడా చదివి, శాంపిల్స్ ఉన్న ఫ్రిజ్ సంగతి చూసుకుంటారు. మెసేజ్‌లో సంఘటన జరిగిన సమయం తప్పకుండా ఉండాలి. లైను తిరిగి రాగానే ప్రాక్సీ దాచుకున్నవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి, పొద్దున పోయిన కరెంటు కబురు మధ్యాహ్నం అందుతుంది. సమయం లేకపోతే ఇప్పుడే పోయిందనుకుని కంగారు పడతారు. ఫోన్‌కి వచ్చేవి కరెంటు, లైను, బిల్లింగ్ సర్వర్, బ్యాకప్ మాత్రమే అయి ఉండాలి. ప్రింటర్లూ కెమెరాలూ డాష్‌బోర్డులోనే ఉండనివ్వండి. రోజుకి ముప్పై మెసేజ్‌లు వచ్చే గ్రూప్‌ని వారం తిరక్కుండా అందరూ మ్యూట్ చేస్తారు, మీతో సహా.

వీపీఎసే పడిపోతే? శ్రీకాకుళం డెస్క్‌టాప్ మీద క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే లైనక్స్ సర్వీసులో) ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టండి. అయిదు నిమిషాలకోసారి వీపీఎస్‌ని పలకరించి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే కర్ల్‌తో నేరుగా టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపాలి. పది లైన్ల పని.

తుఫాను రోజుల సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం కూడా చీకట్లో పడ్డాయి. స్తంభాలే కూలినప్పుడు కరెంటూ ఫైబరూ కలిసే పోతాయి, సెల్ టవర్లూ బ్యాటరీ అయ్యేదాకానే. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ చివరిసారి ఎప్పుడు పలికిందో చెప్పడం మించి చేయలేదు. మీరు చేయగలిగింది ముందే ఉంది. హెచ్చరిక రాగానే తీరం వైపు బ్రాంచీలని జాబిక్స్‌లో మెయింటెనెన్స్‌లో పెట్టండి, డేటా సేకరణ మాత్రం ఆగని రకం ఎంచుకోండి. యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ కనీసం ప్రాక్సీ ఉన్న చోటైనా ఉంటే, బ్యాటరీ అడుగంటే ముందు నట్ ప్రాక్సీని పద్ధతిగా ఆపుతుంది, ఎస్‌క్యూలైట్ ఫైల్ పాడవదు. సెప్టెంబరులోనే ఒక సాయంత్రం, కౌంటర్లు మూశాక, ప్రతి బ్రాంచిలో మెయిన్ ఆపి యూపీఎస్ ఎంతసేపు లాగుతుందో గడియారం పెట్టి చూడండి. రెండేళ్లు దాటిన బ్యాటరీలు డబ్బా మీద రాసినంతసేపు లాగవు.

నాగియోస్ ఉన్న డెస్క్‌టాప్‌ని ఫార్మాట్ చేయాలా అని కూడా అడిగారు. ఉబుంటు 22.04 గానీ 24.04 గానీ అయితే అక్కర్లేదు. నాగియోస్ సర్వీసు ఆపి డిసేబుల్ చేసి, ప్రాక్సీ ప్యాకేజీ వేసుకోండి. 20.04 అయితే దాని మామూలు సపోర్ట్ 2025 మేతో ముగిసింది కాబట్టి 24.04 కొత్తగా వేయండి. ఎలాగూ విప్పుతున్నారు కనుక హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. మొదట వీపీఎస్, తర్వాత ఈ డెస్క్‌టాప్, ఆ తర్వాత దగ్గరగా ఉన్న నరసన్నపేట. ఈ మూడూ వారం పాటు సక్రమంగా నడిచాకే పలాసకి పెట్టె పట్టుకెళ్లండి.